16 నెలల పాపకు చెంచాతో తినడం ఎలా అలవాటు చేయాలి?

పాప చెంచా గుంజుకుని బువ్వంతా ఒళ్లో పోసుకుంటోంది, అత్తమ్మేమో "చేత్తో తినిపిస్తే అయిపోయేదానికి ఈ తిప్పలెందుకు" అంటోంది అని రాశారు కదా. టెన్షన్ పడకండి. ఏడాదిన్నరకు చెంచాతో తినాలని చూస్తారు, రెండేళ్లకు చాలామందికి వచ్చేస్తుంది. అప్పటికీ సగం కిందే పోస్తారు, అది వేరే సంగతి.

మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. మా వాడితో నాకు తెలిసొచ్చింది ఒకటే: చెంచాలో ఏం పెడుతున్నామన్నదే అసలు పని. చారన్నం, పాలన్నం అయితే నోటిదాకా పోకముందే ఒలికిపోతాయి. మెత్తటి అన్నంలో ముద్దపప్పు, నెయ్యి వేసి బాగా పిసికి చూడండి, చెంచా బోర్లా తిప్పినా పడదు. మా వాడికి బాగా కుదిరింది మాత్రం జొన్న గటక, అంటే జొన్న రవ్వతో వండే సంకటి. చల్లారి గట్టిపడ్డాక మజ్జిగ పోయకుండా గడ్డపెరుగుతో కలిపి ఇచ్చేదాన్ని. అంగన్‌వాడీలో 7 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలకు నెలకు 2.5 కిలోల బాలామృతం పిండి ఇస్తారు కదా, దాన్ని కూడా కాచిన నీళ్లు తక్కువ పోసి ముద్దలా కలపండి. జావలా చేస్తే మళ్లీ ఒళ్లోకే.

చెంచా పొట్టిగా, పిడి లావుగా ఉండాలి. తలెలో (పళ్లెంలో) కాకుండా అంచు నిలువుగా ఉన్న గిన్నెలో పెట్టండి, అన్నం ఆ అంచుకు ఆనుకుని చెంచాలోకి ఎక్కుతుంది. గిన్నె కింద తడిగుడ్డ వేస్తే జరగదు. చెంచాలు రెండు పెట్టుకోండి. మీరు ఒకటి నింపి గిన్నెలో ఆనించండి, తను తీసుకుని నోట్లో పెట్టుకుంటుంది. అంతలో రెండోది నింపండి. ముంచుకోవడం తర్వాత అదే వస్తుంది.

బాగా ఆకలి మీదున్నప్పుడు మొదటి నాలుగు ముద్దలే చెంచాతో. విసుగు మొదలైతే మిగతాది మీరు తినిపించండి. రాత్రి పూట అత్తమ్మకే వదిలేయండి, ఆమె ముచ్చట ఆమెది! చేత్తో తినడం కూడా నేర్చుకోవాల్సిందే కదా. మేమైతే వాకిట్లో కూర్చోబెట్టేవాళ్లం, కిందపడ్డది కోళ్లు చూసుకునేవి. మీది పై అంతస్తు ఇల్లయితే పాత చీర పరచండి.

మన దిక్కు పల్లీలు ఎప్పుడూ చేతికందేచోటే ఉంటాయి. అవి గింజలుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా పొడి కొట్టి అన్నంలో కలపండి. చెంచా నోట్లో పెట్టుకుని ఉరకనివ్వకండి, తిన్నంతసేపు పక్కనే ఉండండి.