మనసు నెమ్మదిగానే ఉంటే గుండె దడ ఎందుకు?

తమ్ముడూ, రాయగడలో కొట్టు కట్టేసి, ఏ దిగులూ లేకుండా పడుకున్నాక గుండె దడ, అరచేతుల్లో చెమట అన్నావు కదా. నాకూ పర్లాకిమిడిలో ఉండగా ఇదే తంతు. గుండెను, చెమటను నడిపే నరాలు మనల్ని అడిగి పనిచేయవు. పగలంతా బేరాలతో బిగుసుకున్న ఒళ్లు, మనసు కుదుటపడ్డా వెంటనే సడలదు. దడ వచ్చిందని నాడి పట్టుకు చూస్తే, ఆ భయానికి గుండెను పరుగెత్తించే అడ్రినలిన్ అనే హార్మోను ఇంకాస్త పెరుగుతుంది. నేనైతే గడియారం పెట్టుకుని మరీ లెక్కపెట్టేవాణ్ని! అది మానాకే సగం తగ్గింది. రాత్రి టీ కూడా మానేయ్.

అయితే టెన్షనే అని ముందే తేల్చేయకు. థైరాయిడ్ తేడా, రక్తహీనత ఉన్నా దడ వస్తుంది. రక్తపరీక్ష, ఈసీజీ చేయించుకో. ఛాతీనొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే తెల్లారేదాకా ఆగకు, ఆసుపత్రికి వెళ్లు. పరీక్షలు బాగున్నా తగ్గకపోతే మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యి, ఉచితమే.