ఫ్రాన్స్‌లో పారిస్ కాకుండా చూడదగ్గ పల్లెటూరు ఒక్కటి చెప్పమంటే ఏది చెప్తారు?

కోంక్. టులూజ్‌లో చదువుకునేటప్పుడు ముగ్గురు స్నేహితులతో కారు అద్దెకు తీసుకుని వెళ్లాను. అవేరోన్ జిల్లాలో ఉంటుంది, దాదాపు మూడు గంటల దారి. రొదెజ్ దాటాక అన్నీ మలుపులే. వెనక సీట్లో ఉన్నవాడికి వాంతి ఒక్కటే తక్కువ.

ఊష్ అనే వాగు డూర్డూ అనే చిన్న ఏట్లో కలిసే చోట, కొండ వాలుకు అతుక్కుని ఉంటుంది ఊరు. లోయ ఆల్చిప్పలా ఉంటుందని లాటిన్‌లో చిప్పకున్న మాటే ఊరి పేరైందంటారు. చదునైన నేల అంటూ కనబడదు. ఇళ్ల కప్పులన్నీ పలక రాయి. కారు ఊరి బయట పెట్టి నడవాల్సిందే, చెప్పులు మాత్రం వేసుకోకండి.

ఇంత మారుమూల అంత పెద్ద చర్చి ఎందుకుందా అని నాకూ అనిపించింది. కారణం ఒక దొంగతనం! సుమారు 303లో క్రైస్తవ మతం వదలనన్నందుకు రోమన్లు అజాన్ పట్టణంలో చంపేశారని చెప్పే పన్నెండేళ్ల పిల్ల పేరు ఫ్వా. ఆమె ఎముకలు అక్కడే ఉండేవి. కోంక్ మఠం సన్యాసి ఒకడు అజాన్‌లో చేరి, పదేళ్లు నమ్మకంగా మెలిగి, 866 ప్రాంతంలో వాటిని ఎత్తుకొచ్చాడని కథ. ఆ రోజుల్లో ఇలాంటి పునీతుల అస్థికలుంటేనే చర్చికి యాత్రికులు వచ్చేవాళ్లు. ఫ్రాన్స్‌లోని లె ప్యూయి నుంచి స్పెయిన్‌లోని సాంటియాగో పుణ్యక్షేత్రానికి నడిచేవాళ్లకు ఇది మజిలీ అయింది. వాళ్ల కానుకలతో 11, 12 శతాబ్దాల్లో ఈ చర్చి లేచింది.

గుమ్మం పైన తుది తీర్పు శిల్పం ఉంది, అందులో 124 బొమ్మలు. స్వర్గం వైపు అందరూ బుద్ధిగా నిలబడ్డారు, చూస్తే ఆవలింతే. నరకం వైపు చూడండి: మెడలో డబ్బు సంచితో వేలాడుతున్న పిసినారి దగ్గరే నేను చాలాసేపు ఉండిపోయాను.

ఫ్రెంచి విప్లవంలో చర్చి బంగారాన్ని ఊరివాళ్లే తలా కొంత దాచి, తర్వాత తిరిగి ఇచ్చేశారట. రత్నాలు పొదిగిన ఫ్వా విగ్రహం అలాగే మిగిలింది. 1994లో అమర్చిన కిటికీ అద్దాలు రొదెజ్‌లో పుట్టిన చిత్రకారుడు సూలాజ్ చేసినవి. రంగే లేదు, కానీ పొద్దు తిరిగేకొద్దీ వెలుగు మారుతుంది. మా వాడికి అవి బాత్‌రూమ్ అద్దాల్లా కనిపించాయి.

రెండు దాటాక తిండి కోసం వెళితే వంట కట్టేశామన్నారు. ముందే తినేయండి.