ఇటుక వయసు, బొగ్గు సాక్ష్యం

ప్రశ్న: శాలిహుండం బౌద్ధ స్తూపాల ఇటుకల వయసును రేడియోకార్బన్ పద్ధతితో తేల్చవచ్చా? – ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మట్టి ఇటుకకు నేరుగా వీలుపడదు, ఒకప్పుడు ప్రాణమున్న కలప, ఎముక, గింజల వంటివాటికే ఈ పద్ధతి వర్తిస్తుంది. మొక్క బతికినంతకాలం గాలి నుంచి గ్రహించే కార్బన్-14 (రేడియోధార్మిక కార్బన్), మొక్క చనిపోయాక కొత్తగా చేరక, సుమారు 5,730 ఏళ్లకు సగం చొప్పున తరుగుతుంది. మిగిలినదాన్ని కొలిచి, గాలిలో దాని నిష్పత్తి అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదు కనుక చెట్ల కాండంలో ఏటేటా ఏర్పడే వలయాల లెక్కతో సరిచూసి, వయసును ఒక్క సంవత్సరంగా కాక కొంత వ్యవధిగా చెబుతారు. ఇటుకలో వరి ఊక మిగిలి ఉంటే దాన్ని పరీక్షించవచ్చు. ఇటుకల పక్కన దొరికిన బొగ్గును మాత్రం జాగ్రత్తగా నమ్మాలి: 300 ఏళ్ల మాను నడిమి చేవను కాల్చి ఉంటే, తెలిసేది ఆ చేవ పెరిగిన కాలమే తప్ప నిప్పు పెట్టిన కాలం కాదు. సుమారు 50,000 ఏళ్లు దాటితే కొలవడానికి కార్బన్-14 దాదాపు మిగలదు.