మరలు తిప్పే ముందు కత్తి చూడు

చిరంజీవికి,

మామయ్య ఆశీస్సులు. తోలు అంచులను పలచగా చెక్కే స్కైవింగ్ మెషిన్ కొందామనుకుంటున్నానని నువ్వు రాసిన ఉత్తరం అందింది. పంపిన పర్సుల ఫొటోలూ చూశాను. కుట్టు ముచ్చటగా పడింది. మడిచిన అంచులు మాత్రం లావుగా ఉన్నాయి, మూలల్లో తోలు ముద్ద కట్టింది. చేత్తో అంచులు చెక్కీ చెక్కీ విసిగిపోయావని అక్కడే తెలిసింది. నెలకు రెండు మూడు పర్సులైతే చేతి కత్తి చాలనేవాణ్ణి. ఇప్పుడు రోజూ పని ఉంది కాబట్టి మెషిన్ తీసుకో. చేతి కత్తిని మాత్రం పక్కన పడేయకు తల్లీ. మూలల్లో చివరి సవరింపు ఇంకా దానితోనే చేయాలి.

నీకు కావలసింది గంట ఆకారంలో గుండ్రంగా తిరిగే కత్తి ఉన్న మెషిన్. తోలు పైన దాన్ని నొక్కి పట్టే ప్రెసర్ ఫుట్ ఉంటుంది. కింద ఫీడ్ రోలరు తోలును లాగుతుంది. ఆ రెండింటి మధ్య కత్తి అంచు అడుగు పొరను కోస్తుంది. అందుకే తోలు నున్నటి వైపు పైకీ, గరుకు వైపు కిందికీ ఉండాలి. జర్మనీ ఫార్చునా, జపాన్ నిప్పీ పేరున్నవి. 801 అనే నంబరుతో చవకవీ చాలా దొరుకుతాయి. పేరు కంటే ముందు ఒక మాట అడుగు: కత్తి, సాన రాయి, ఫుట్, బెల్టు రేపు అరిగిపోతే దొరుకుతాయా? దొరకవంటే ఎంత మంచి మెషినైనా వద్దు.

చూడటానికి వెళ్లేటప్పుడు నీ తోలే తీసుకెళ్లు. క్రోమియం ఉప్పుతో శుద్ధి చేసిన 1 మి.మీ. మెత్తటి క్రోమ్ తోలు ఒకటి, చెట్ల బెరడుతో శుద్ధి చేసిన 2 మి.మీ. దాటిన గట్టి వెజిటబుల్ టాన్ తోలు ఒకటి. అమ్మేవాళ్లు తమ దగ్గరున్న ముక్క మీద కోసి చూపిస్తారు. అది ఎప్పుడూ బాగానే తెగుతుంది. మెత్తటి తోలుకు మామూలుగా రాతి రోలరు బాగుంటుంది, గట్టిదానికి ఇనుప రోలరు. రెండూ మార్చుకునే వీలుందేమో కనుక్కో. పాత మెషిన్ అయితే కత్తి ఎంత పొడవు మిగిలిందో చూడు. సాన పట్టిన ప్రతిసారీ అది కొంచెం తరుగుతుంది, ముందుకు జరుపుకుంటూ వాడాలి. చివరికొచ్చిన కత్తి ఉంటే కొత్త కత్తి ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకో. కత్తికి, ఫీడుకు వేరు వేరు మోటార్లు ఉన్నది దొరికితే వదలకు. కత్తి పూర్తి వేగంతో తిరుగుతుండగా తోలును నెమ్మదిగా పంపవచ్చు, నేర్చుకునేవాళ్లకు అదే పెద్ద సాయం.

ఇక అసలు సంగతి. నేను నేర్చుకునే రోజుల్లో ఒక బ్యాగుకు కోసిన ముక్కలన్నీ ఒకే మధ్యాహ్నం పాడు చేశాను. తోలు ఫుట్ దగ్గర ఆగిపోయి ముడతలు పడుతోంది. లోతు చాలలేదనుకుని ఫుట్ దించాను. అంచు చిరిగింది. కోణం మార్చాను. ఇంకో అంచు చిరిగింది. ఫీడు బిగించాను. సాయంత్రానికి ఏ సర్దుబాటు మర మొదట ఎక్కడుందో నాకే గుర్తులేదు. కత్తి మొద్దుబారిందని మర్నాడు మా పెద్ద మేస్త్రి వచ్చి చెప్పేదాకా తట్టలేదు. సాన పట్టాక అదే తోలు వెన్నలా తెగింది. ఆ ముక్కలు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉన్నాయి. ఎక్కడ తేడా వచ్చినా మొదట కత్తి చూడమని నిన్ను ఇంతగా అడిగేది అందుకే.

కత్తి తిరుగుతుండగా సాన రాయిని మెల్లగా తాకించు. సన్నగా నిప్పురవ్వలు రావాలి, కొన్ని సెకన్లు చాలు. గట్టిగా నొక్కితే కత్తి వేడెక్కి పదును నిలవదు. పదును పట్టినప్పుడు అంచు లోపలి వైపు సన్నటి ఇనుప పొర లేస్తుంది, దాన్నే బర్ అంటాం. లోపలి చిన్న రాయిని తాకించి అది తీసేయాలి. చాలామంది ఇది మర్చిపోతారు. పదును పెట్టాం కదా, ఇంకా ఎందుకు పీకుతోందని తల పట్టుకుంటారు. సాన పట్టే ముందు తుక్కు అంతా ఊడ్చెయ్. తోలు పొడి మీద రవ్వ పడితే రాజుకుంటుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

తర్వాత కత్తిని ఫుట్ దగ్గరికి జరుపు. తగలకూడదు, మధ్యలో పలచటి కాగితం దూరేంత సందు ఉండాలి. రోలరూ కత్తికి అంతే దగ్గరగా, తగలకుండా ఉండాలి. ఇవి కుదిరాకే వెడల్పు, లోతు, కోణం. ఒకసారి ఒక్క మరే తిప్పు, తిప్పిన వెంటనే తుక్కు ముక్క మీద కోసి చూడు.

లెక్క ఇలా వేసుకో. తోలు 1.2 మి.మీ. ఉంది, అంచు 8 మి.మీ. మడుస్తావు. అప్పుడు 16 మి.మీ. వెడల్పున 0.6 మి.మీ.కి దించాలి. మడత పడే భాగమూ, దాని కింద ఉండే భాగమూ రెండూ పలచబడితేనే మడిచాక మళ్లీ 1.2 వస్తుంది. నీ పర్సుల్లో మడిచే 8 మి.మీ. మాత్రమే చెక్కావు, లావు అక్కడి నుంచే వచ్చింది. మందం కంటితో కాదు, గేజీతో కొలువు.

చేతులతో తోలును నెట్టకు, లాగకు. దారి చూపితే చాలు, మెషినే తీసుకుంటుంది. మెత్తటి తోలును లాగితే సాగిపోయి కొలత మారుతుంది. జిగురు పూయకముందే ఈ పని అయిపోవాలి, జిగురు కత్తికి పట్టిందంటే తుడవలేక చస్తావు.

లోపల తుక్కు ఇరుక్కుంటే వేలు పెట్టకు. స్విచ్ ఆపాక కూడా కత్తి కాసేపు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగి, ప్లగ్ తీశాకే చెయ్యి పెట్టాలి. జడ పైకి ముడి వేసుకో, చున్నీ తీసి పక్కన పెట్టు, చేతులకు గ్లోవ్స్ వద్దు.

మొదటి వారం ఆర్డరు ముక్కలు ముట్టుకోకు, తుక్కు తోలు మీదే చెయ్యి తిప్పు. కింద పడే పొరను గమనించు. మధ్యలో తెగిపోకుండా రిబ్బనులా, ఒకే వెడల్పుతో వస్తే కత్తి బాగుంది. పొట్టులా, ముక్కలుగా రాలితే పదును పోయింది. వారం చివర కోసిన పొరల్లో రెండు మూడు కవర్లో పెట్టి నాకు పంపు. వాటిని చూసి కత్తి ఎలా ఉందో చెబుతాను.

మీ మామయ్య