సడన్‌గా అనిపించి చెవి పైభాగంలో కుట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? నొప్పి బాగా ఉంటుందా?

ఉన్నానండీ, నేనే. నొప్పి సంగతి చివర్లో చెప్తా, ముందు ఇది వినండి.

అసలు ఆ రోజు నేను కుట్టించుకోడానికి వెళ్లలేదు, మా పాపకి కుట్టించడానికి వెళ్లాం. దానికి అప్పటికి ఐదో ఏడు, ఇంకా బోసి చెవులే. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాల్సిందే అని మా అత్తగారి పట్టు. మేనమామ గారేమో బెంగళూరులో సాఫ్ట్‌వేరు, వాడికి సెలవు దొరికితే పాపకి జలుబు, పాప బాగుంటే వాడికి రిలీజు, మధ్యలో ఒక మూఢం, ఒక ఆషాఢం, అట్లా నాలుగేళ్లు గడిచిపోయాయి. స్కూల్లో ఎవరో నువ్వు అబ్బాయివా అన్నారంట, ఏడ్చుకుంటా వచ్చింది. ఇంక ముహూర్తం లేదు ఏం లేదు అని దసరా ముందు ఆదివారం సాయంత్రం మా విజయవాడ బీసెంట్ రోడ్డుకి బయల్దేరదీశాను.

పండగ ముందు బీసెంట్ రోడ్డులో బండి పెట్టుకోడానికి చోటు దొరికేలోపు కొండ మీద అమ్మవారి దర్శనం చేసుకుని ప్రసాదం తినేసి కూడా రావచ్చు. మా ఆయన మమ్మల్ని దించేసి పార్కింగ్ వెతుక్కుంటా వెళ్లిపోయారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఆయన పక్కనుంటే ఇదంతా జరిగేది కాదు.

షాపు అంటే వన్ గ్రామ్ గోల్డ్ నగలు, క్లిప్పులు, బొట్టుబిళ్ళలు అమ్మే షాపు. లోపల మూలకి ఒక ప్లాస్టిక్ స్టూలు, గోడకి గన్ షాట్ అని కాగితం, అంటే సూది బదులు గన్‌తో చెవి కుడతారన్నమాట. మా పాప ఆ గన్ చూసి నా చున్నీలో దూరిపోయింది. చాక్లెట్ అన్నా, బొమ్మ అన్నా, ఊఁహూఁ. చివరికి "నువ్వు ఫస్ట్ చేయించుకో" అంది. నాకు ఆల్రెడీ ఉన్నాయి కదమ్మా అంటుంటే ఆ కుర్రాడు అందుకున్నాడు, "పైన లేదు కదా మేడం, కొట్టేద్దామా, ఇప్పుడందరూ పైనే కొట్టించుకుంటున్నారు" అని. కూలర్ కొనడానికి మూడు నెలలు ఆలోచించిన మనిషిని నేను, దీనికి నాలుగు సెకన్లు కూడా ఆలోచించలా. కొట్టు బాబూ అన్నా.

చెవి పక్కనే టక్‌మని స్టేప్లర్ కొట్టినట్టు సౌండు, చెవి మొత్తం భగ్గున వేడెక్కింది. అదైపోతే బాగుండేది. గన్ ఇరుక్కుపోయింది. చెవికి గన్ను వేలాడుతుంది, ఆ అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పుతా "అయిపోయింది మేడం అయిపోయింది మేడం" అంటున్నాడు, నేనేమో పాప చూస్తుందని నవ్వుతున్నా, కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. పిల్లలు నవ్వుకి మోసపోరండీ. చెప్పులు కూడా వదిలేసి బయట గాజుల బండి దాకా పరిగెత్తింది. దాన్ని పట్టుకొచ్చి, 400 కట్టి బయటికొచ్చేసరికి మా ఆయన వచ్చారు. పాప కుడి చెవి చూశారు, ఎడమ చెవి చూశారు, తర్వాత నా చెవి చూశారు. "పాపకి కదా" అన్నారు, అంతే, ఇంకేం అనలా.

మూడు రోజులు బానే ఉంది. నాలుగో రోజు నుంచి సలుపు. నాకు ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం అలవాటు, కుట్టించింది ఎడమే. దానికితోడు ఆఫీసుకి స్కూటీ, స్కూటీకి హెల్మెట్, పటమట నుంచి వన్‌టౌన్ దాకా ఆ చెమటలో హెల్మెట్ లోపలి స్పాంజి రాసుకుంటానే ఉండేది. ఇంట్లో తలా ఒక వైద్యం. పసుపు పెట్టు, కొబ్బరినూనె రాయి, దుద్దు తిప్పుతా ఉండు లేకపోతే అతుక్కుపోద్ది. అన్నీ చేశా, బుద్ధి లేక. వారానికి చెవి దొప్ప ఎర్రగా ఉబ్బి నిగనిగలాడింది, వెనకాల సీల కండలోకి దిగిపోయింది.

సూర్యారావుపేటలో ఈఎన్‌టీ డాక్టరు గారి దగ్గరికెళ్తే ముందు చీవాట్లు, తర్వాత వైద్యం. తమ్మె వేరు, పైభాగం వేరమ్మా, తమ్మె కండ, నెలన్నర రెండు నెలల్లో మానుద్ది, పైది మెత్తటి ఎముక, దానికి సొంతంగా రక్తనాళాలుండవు, పైన ఉండే పల్చటి పొర నుంచే దానికి తిండి, అందుకే పూర్తిగా మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది అన్నారు. లోపల చీము చేరి ఆ పొర లేచిపోతే ఎముక చచ్చిపోయి చెవి ముడుచుకుపోద్దంట. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మామూలు యాంటీబయాటిక్స్ ఇక్కడ చాలాసార్లు పనిచెయ్యవంట, ఇక్కడ పట్టే సూడోమొనాస్ అనే క్రిమికి వేరే మందు కావాలంట. దుద్దు తీసేశారు, చీము తీశారు, పది రోజులు మాత్రలు. 400 దుద్దుకి ఎంతయ్యిందో మా ఆయనకి ఇప్పటికీ కరెక్ట్ లెక్క చెప్పలేదు.

నా కోపమంతా ఆ గన్ మీదే. దాని బాడీ ప్లాస్టిక్, ఆసుపత్రి కత్తెరల్లా ఆవిరి మెషిన్‌లో పెడితే కరిగిపోద్ది, అందుకే గుడ్డతో తుడిచి మనకి, మన తర్వాత ఇంకొకళ్లకి కొడతారు. పైగా దుద్దు కొన మొద్దుగా ఉంటుంది, స్ప్రింగు బలంతో దూరుద్ది. మెత్తటి తమ్మె కాబట్టి ఓర్చుకుంటది, ఎముకైతే నలిగిపోద్ది. వాపు రావడానికి చోటు కూడా ఉండదు, కాడ పొట్టి. ఎవరేమన్నా సరే, గన్‌తో పై చెవి కొట్టడం బ్యాన్ చెయ్యాలి, నేను కలెక్టర్నైతే మొదటి సంతకం దానికే.

ఇంకోటి, నా పై చెవి దుద్దు చూసి "పెళ్లయ్యి పిల్ల పుట్టాక ఈ ఫారిన్ ఫ్యాషన్లేంటి" అన్నవాళ్లు కనీసం పదిమంది. ఏం ఫారిన్ అండీ? తెనాలి దగ్గర మా అమ్మమ్మకి చెవి పైన బావిలీలు ఉండేవి. కింద కమ్మలు, పైన బావిలీలు, పొలం పనిక్కూడా వాటితోనే వెళ్లేది. మా అమ్మ పెళ్లికి అవి చెరిపించి నానుతాడులో కలిపేశారంట, నాకు ఊహ తెలిసేటప్పటికి ఖాళీ చిల్లులే. నేను ఒళ్ళో పడుకుని ఆ చిల్లులో చీపురు పుల్ల దూర్చి ఇటు నుంచి అటు లాగేదాన్ని, కిసుక్కున నవ్వేది. ఆవిడకి కుట్టింది ఊళ్లో కంసాలి, బంగారు తీగ కొస సాన పట్టి గుచ్చి అక్కడే రింగులా వంచేశాడంట. వదులుగా ఉండే సన్నటి తీగ, ఎంత వాచినా నొక్కేది లేదు. నా లెక్క ప్రకారం అందుకే ఆవిడకి ఏం కాలేదు. డాక్టరు గారితో ఇదే అంటే "చెవి పాడైన వాళ్ల సంగతి మీకెవరు చెప్పారు" అన్నారు. ఆయన అట్లానే అంటారు లెండి.

బుద్ధొచ్చిందా అంటే, ఏడాదిన్నర ఆగి కుడి చెవికి మళ్లీ కుట్టించుకున్నా. ఈసారి సూదితో, నా ముందే ప్యాకెట్ చింపి తీసిన కొత్త సూది, టైటానియం దుద్దు, వాపుకని కాస్త పొడుగు కాడ. రోజుకి రెండుసార్లు సెలైన్‌తో కడగడం, అంతే. తిప్పలా, నూనె లేదు, పసుపు లేదు. ఎనిమిదో నెల నడుస్తుంది, కుదురుగా ఉంది. పాపకి మాత్రం మొన్న సంక్రాంతికి మేనమామ దిగాడు, వాడి ఒళ్ళోనే అయింది, అత్తగారు హ్యాపీ.

నొప్పి అడిగారు కదా. సూదితో అయితే కుట్టేటప్పుడు పదికి మూడు. నెల తర్వాత పొద్దున్నే ఆఫీసుకి లేటై గబగబా తల దువ్వుకుంటుంటే దువ్వెన పన్ను దానికి తగులుకుంటుంది చూడండి, అది పదికి పదకొండు.