నాలుగేళ్ల పాపకు మాంటూ 12 ఎంఎం వచ్చింది, టీబీ గోల్డ్ కూడా చేయించాలా?

మీరు అడిగింది ఇది కదా: ఇంట్లోనే ఉండే మామగారికి ఊపిరితిత్తుల టీబీ అని తేలింది. పాపకు మాంటూ (టీబీ క్రిమి సోకిందా అని చేతి చర్మంలో సూది వేసి చూసే టెస్టు) 12 ఎంఎం వచ్చింది. పుట్టగానే వేసిన బీసీజీ (టీబీ టీకా) వల్లే అని ఒకరు, టీబీ గోల్డ్ అనే రక్తపరీక్ష చేయిస్తేగానీ తేలదని ఇంకొకరు అంటున్నారు. నేను డాక్టర్ని కాను. మా ఇంట్లోనూ ఇదే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మా అత్తగారి కళ్లె పరీక్షలో టీబీ బయటపడేనాటికి మా బాబుకి మూడేళ్లు, రాత్రిపూట ఆవిడ పక్కనే పడుకునేవాడు. మాంటూ సూది వేశాక మూడో రోజుకి వాడి చెయ్యి ఎర్రగా కందిపోయింది. నాకు ఒకటే టెన్షన్. నర్సు మాత్రం ఆ ఎరుపుని పట్టించుకోలేదు. వేలితో తడిమి చూసి, గట్టిపడినంత మేర పెన్నుతో గుర్తులు పెట్టి, చేతికి అడ్డంగా స్కేలుతో కొలిచింది. 11 ఎంఎం. కొలవాల్సింది ఆ గట్టిదనాన్నే, అదీ 48 నుంచి 72 గంటల మధ్య. మామూలుగా మన దగ్గర పిల్లలకు 10, ఆపైన వస్తే పాజిటివ్ అంటారు. మీ పాపకు ఎవరు, ఎలా కొలిచారో ముందు కనుక్కోండి. వాట్సాప్‌లో ఫోటో చూసి చెప్పిన అంకె అయితే లెక్కలోకి తీసుకోకండి.

బీసీజీ మాంటూని కొంత తికమక పెట్టే మాట నిజమే. అయితే పుట్టగానే వేసిన టీకా ప్రభావం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది, పైగా మీ ఇంట్లో పేషెంట్ ఉన్నారు. అందుకే 12ని బీసీజీ ఖాతాలో వేసి వదిలేయకూడదు. టీబీ గోల్డ్‌లో ఆ గొడవ లేదు. టీబీ క్రిమిలో ఉండి బీసీజీలో లేని ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే ప్రొటీన్లను రక్తానికి కలిపి, రక్తకణాలు వాటిని గుర్తుపట్టి ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థం వదులుతున్నాయా అని చూస్తారు. కాకపోతే చిన్నపిల్లల్లో ఎటూ తేల్చని రిజల్ట్ కాస్త ఎక్కువగా వస్తుంటుంది. రెండు టెస్టులూ క్రిమి ఒంట్లోకి చేరిందా అన్నదే చెబుతాయి. అది నిద్రపోతోందా, జబ్బుగా మారిందా అన్నది చెప్పవు. క్రిమి సోకిన మొదటి వారాల్లోనూ, పిల్లలు బాగా బలహీనంగా ఉన్నా నెగెటివ్ రావచ్చు.

నేనూ టీబీ గోల్డ్ గురించి అడిగాను. "పాజిటివ్ వస్తే మందు ఇస్తామమ్మా. నెగెటివ్ వచ్చినా ఇస్తాం. ఇక వాడికి సూది ఎందుకు?" అన్నారు పిల్లల డాక్టరుగారు. ఊపిరితిత్తుల టీబీ ఉన్న మనిషితో కలిసి ఉండే ఐదేళ్లలోపు పిల్లలకు, జబ్బు లేదని తేల్చుకున్నాక, ఏ టెస్టూ లేకుండానే నివారణ మందు ఇవ్వాలన్నది మన ప్రభుత్వ టీబీ కార్యక్రమం పద్ధతి. ఆ వయసులో సోకితే జబ్బుగా మారే అవకాశం ఎక్కువ, మెదడు పొరలకు పాకే భయమూ ఎక్కువ.

కాబట్టి మీరు పట్టుబట్టాల్సింది జబ్బు లేదని తేల్చే దగ్గర. దగ్గు, జ్వరం, బరువు పెరగకపోవడం, మెడ దగ్గర గడ్డలు, ఛాతీ ఎక్స్‌రే అన్నీ చూడాలి. అనుమానం ఉంటే చిన్నపిల్లలు కళ్లె ఉమ్మలేరు కాబట్టి, ముక్కులో గొట్టం వేసి కడుపులోంచి నీళ్లు తీసి సీబీనాట్‌కి (టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే మెషిన్ టెస్టు) పంపుతారు. మా వాడికి ఎక్స్‌రే బాగానే ఉంది. బరువును బట్టి ఐసోనియాజిడ్ అనే నివారణ మందు ఆరు నెలలు ఇచ్చారు, ఉచితంగానే. రోజూ వాడి చేత మింగించడం ఆ టెస్టులన్నిటికంటే కష్టమైంది! కొన్నిచోట్ల రెండేళ్లు దాటిన పిల్లలకు వారానికోసారి చొప్పున 12 డోసుల కోర్సు కూడా ఉంది, అడగండి. మామగారి రిపోర్టులో రిఫాంపిసిన్ రెసిస్టెన్స్ (ఆ టీబీ మందుకి క్రిమి లొంగకపోవడం) గురించి ఏం రాశారో కూడా డాక్టరుకు చూపించండి. అది ఉంటే పాపకిచ్చే మందే మారిపోతుంది.

ఒక ప్రైవేట్ ల్యాబ్ మాకు టీబీ ఐజీజీ, ఐజీఎం ప్యాకేజీ అంటగట్టబోయింది. యాంటీబాడీలు చూసే ఆ రక్తపరీక్షల్ని ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. మీకూ ఎవరైనా చెబితే వద్దనేయండి.

ఇంట్లో ఐదేళ్లు దాటిన పిల్లలుంటే వాళ్ల విషయంలో మాంటూ గానీ టీబీ గోల్డ్ గానీ పనికొస్తుంది. మందు మొదలుపెట్టాక పాపకు వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా అక్కడితో మాత్రలు ఆపి వెంటనే డాక్టరుకు చూపించండి.