నెపోలియన్ దగ్గరే ఆగిపోయిన జవాబు

ప్రశ్న: సార్, బీటెక్ తర్వాత సివిల్స్‌కు చరిత్రను ఆప్షనల్‌గా తీసుకుని ఏడాదైంది. నమూనా పరీక్షలో ‘విప్లవాలు బలమైన పాలకుల చేతుల్లోకి ఎందుకు వెళతాయి? సంస్కరణలు ఎలా నిలుస్తాయి? ఫ్రాన్స్ ఆధారంగా చర్చించండి’ అని అడిగారు. తేదీలన్నీ సరిగ్గా రాసినా 20కి 6 మార్కులే వచ్చాయి. ఆప్షనల్ మార్చుకోమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన జవాబుపత్రం చదివాను. 1789 జులై 14న బాస్టిల్ పతనం నుంచి 1799 నవంబరు 9 కుట్ర దాకా ఒక్క తేదీ కూడా తప్పలేదు. చివరి వాక్యంలో నెపోలియన్ గద్దెనెక్కాడు, జవాబు అయిపోయింది. అడిగిన దాంట్లో సగం అక్కడే మొదలవుతుంది.

‘ఎందుకు’ అన్నదానికి మీరు ‘నెపోలియన్ అధికార దాహం’ అని రాశారు. ఆ దాహం ఉన్న సేనానులు అప్పట్లో ఫ్రాన్సులో ఇంకా ఉన్నారు. తలుపు తీసిందెవరో చెప్పాలి. వేలమందిని చంపించిన ‘భీతావహ పాలన’కు నాయకుడైన రోబెస్పియర్ తల తెగిన మరుసటి ఏడాది, 1795లో, ఐదుగురు డైరెక్టర్ల ప్రభుత్వం వచ్చింది. కాగితం నోట్లు చిత్తుకాగితాలయ్యాయి. 1797 ఎన్నికల్లో రాజు పక్షం వారు గెలిస్తే సైన్యాన్ని దించి ఆ ఫలితాల్లో చాలావాటిని రద్దు చేశారు. మరుసటి ఏడాది విప్లవంలోని అతివాద పక్షమైన జాకోబిన్లు గెలిస్తే వారినీ బయటికి నెట్టారు. చివరకు డైరెక్టర్లలో ఒకరైన సియేస్ స్వయంగా సేనాని కోసం వెతికాడు, నెపోలియన్ దొరికాడు. ఓటుకు విలువ లేకుండా చేసినవారిని ఒకడు గెంటేస్తే, వారి కోసం పారిస్ వీధుల్లోకి రాలేదు.

దీనికింద ఇంకో కారణం ఉంది, భూమి. 1789లో జాతీయం చేసిన చర్చి ఆస్తులను పట్టణాల్లోని సంపన్నులు, కొందరు రైతులు కొనుక్కున్నారు. పాత రాజవంశం తిరిగొస్తే పొలం పోతుందని భయం. భీతావహ పాలన తిరిగొస్తే తలే పోతుంది. ఈ రెండింటినీ రానివ్వనివాడు వారికి కావలసి వచ్చాడు. మీ జవాబులో పొలం ఊసే లేదు!

ఇక సంస్కరణలు. ప్రిఫెక్టుల (ప్రభుత్వం నియమించే జిల్లా పాలకుల) వ్యవస్థ, బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్ (రెండూ 1800) పేర్లు చెబితే చాలు. ఆగాల్సింది 1804 మార్చి నాటి సివిల్ కోడ్ (దేశమంతటికీ ఒకే పౌర చట్టాల సంపుటి) దగ్గర. అంతకుముందు ఉత్తర ఫ్రాన్సులో స్థానిక ఆచారాలు, దక్షిణాన రోమన్ న్యాయం నడిచేవి. విప్లవ కాలంలో న్యాయవేత్త కంబసెరెస్ మూడు ముసాయిదాలు తెచ్చినా ఒక్కటీ చట్టం కాలేదు. నెపోలియన్ నలుగురు న్యాయకోవిదులకు పని అప్పగించి, చర్చల్లో తానే కూర్చుని, 2,281 అధికరణాలుగా పూర్తి చేయించాడు. అదే కోడ్ భార్య భర్తకు లోబడి ఉండాలంది. వలసల్లో బానిసత్వాన్ని 1802లో తిరిగి తెచ్చిందీ అతనే. ఇవి దాచి రాస్తే అది జవాబు కాదు, భజన.

1814లో పాత రాజవంశం తిరిగొచ్చింది. అయినా కొత్త రాజు పద్దెనిమిదో లూయీ అమ్ముడైన భూముల జోలికి వెళ్లనని తన చార్టర్‌లో (రాజ్యాంగ పత్రంలో) రాసిచ్చాడు, సివిల్ కోడ్‌నూ ఉంచాడు. సంస్కరణ నిలిచిందనడానికి మీరు చూపాల్సిన సాక్ష్యం ఇదే. (1954 దాకా ఫ్రెంచివారి కింద ఉన్న యానాం మనకు పక్కనే. పుదుచ్చేరిలో తమ సొంత మతాచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి చట్టాన్ని ఎంచుకున్న వారి వారసులైన ‘రెనోన్సాంట్’ కుటుంబాలకు వ్యక్తిగత విషయాల్లో నేటికీ ఫ్రెంచి సివిల్ చట్టమే వర్తిస్తుంది.)

ఆప్షనల్‌కు 500 మార్కులు కాబట్టి ఇంట్లో వారి భయం సహజం. కానీ ఒక్క నమూనా పరీక్ష చూసి ఏడాది చదువును వదిలేయకండి. ప్రపంచ చరిత్ర జనరల్ స్టడీస్ మొదటి పేపర్‌లోనూ ఉంది. ఇదే ప్రశ్నను ఇప్పుడు ముస్తఫా కెమాల్ తుర్కియేకు వేసుకోండి. 1923లో గణతంత్రం, 1926లో స్విస్ నమూనా సివిల్ కోడ్ వచ్చాయి. అక్కడ తలుపు తీసిందెవరు? అతను పోయాక ఏవి నిలిచాయి? ఈ వెతుకులాట విసుగనిపిస్తే ఆప్షనల్ మార్చుకోండి, నేను అడ్డు చెప్పను. ఆసక్తి కలిగితే రాసి పంపండి. ఈసారి నాలుగు తేదీలకు మించి కనిపించకూడదు.